ప్రసూతి సెలవు లేదన్న కాలేజీ మీద రిట్ వేయాలంటే

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీలో మూడేళ్ళుగా కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్న లెక్చరర్‌కి ఏడో నెల. డాక్టర్ ఇచ్చిన కాన్పు తేదీ మే 20. ఒప్పందం ఏప్రిల్ 30తో ముగుస్తుంది. "కాంట్రాక్టు వాళ్ళకి మెటర్నిటీ లీవు ఉండదు, రాజీనామా రాసిచ్చి వెళ్ళు, కాన్పయ్యాక వస్తే చూద్దాం" అని ప్రిన్సిపాల్ నోటిమాటగా చెప్పారు. కోర్టుకి వెళ్ళొచ్చా, వెళితే నిలుస్తుందా, తర్వాత మళ్ళీ పనిలోకి రానిస్తారా అని అడుగుతున్నారు.

అమ్మా, అన్నిటికన్నా ముందు ఒక మాట: రాజీనామా రాయకండి. "వ్యక్తిగత కారణాల వల్ల" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టారా, రేపు కౌంటర్ అఫిడవిట్‌లో (కోర్టుకి సంస్థ ఇచ్చే రాతపూర్వక జవాబులో) సంస్థకి అదే బ్రహ్మాస్త్రం. మేము తీసేయలేదు, ఆమే వెళ్ళిపోయింది అంటారు. ఇప్పటికే రాసిచ్చి ఉంటే, ఆమోదించినట్టు మీకు ఉత్తర్వు అందకముందే ఉపసంహరించుకుంటున్నానని ఈరోజే రాసి పంపండి. ఆమోదానికి ముందు వెనక్కి తీసుకునే హక్కు మీకుంది.

ఇక కేసు నిలుస్తుందా అంటే, నిలుస్తుంది. మీ పరిస్థితికి అద్దంలా సరిపోయే తీర్పు 2023 ఆగస్టు 17న సుప్రీంకోర్టు ఇచ్చింది: కవితా యాదవ్ కేసు. ఆమె ఢిల్లీ జనక్‌పురి ఆసుపత్రిలో కాంట్రాక్టు డాక్టర్. 2017 జూన్ 1 నుంచి సెలవు అడిగారు. ఒప్పందం జూన్ 11తో అయిపోతుంది కాబట్టి 11 రోజులకే డబ్బిస్తామని యాజమాన్యం అంది. ట్రిబ్యునల్, హైకోర్టు కూడా అదే సరేనన్నాయి. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అర్హతకి చట్టం అడిగేది 80 రోజుల పని మాత్రమే, ఆ షరతు తీరాక ప్రసూతి ప్రయోజనం (సెలవు, ఆ కాలపు డబ్బు) ఒప్పందం గడువు దాటి కూడా నడుస్తుంది అని తేల్చి, మొత్తం 26 వారాలకీ చెల్లించమంది. (ఆ ధర్మాసనంలోని ముగ్గురిలో జస్టిస్ సంజయ్ కుమార్, జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి ఇద్దరూ తెలుగువాళ్ళే.) అంతకు చాలా ముందే, 2000 మార్చి 8న, ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ (రోజువారీ హాజరు పట్టీ) కూలీల కేసులో రోజుకూలీకి రోడ్లు తవ్వే ఆడవాళ్ళకీ ఈ హక్కు ఉందని అదే కోర్టు చెప్పింది. మస్టర్ రోల్ మీద ఉన్నామెకి వర్తించింది నియామక ఉత్తర్వు చేతిలో ఉన్న లెక్చరర్‌కి వర్తించదని వాదించడం ఏ ప్రభుత్వ న్యాయవాదికైనా కష్టమే.

మీ తేదీలతో లెక్క వేద్దాం. కాన్పు తేదీకి ఎనిమిది వారాల ముందు నుంచి సెలవు మొదలుపెట్టొచ్చు, అంటే మార్చి 25. అక్కడి నుంచి 26 వారాలు, 182 రోజులు, సెప్టెంబరు 22తో ముగుస్తాయి. మార్చి 25 నుంచి ఏప్రిల్ 30 దాకా 37 రోజులు. సంస్థ మెత్తబడినా "ఆ 37 రోజులకి ఇస్తాం, ఒప్పందం అయిపోయాక మాకేం సంబంధం" అనే దగ్గర ఆగుతుంది. అసలు పోరాటం మిగిలిన 145 రోజుల గురించి. మీకిది మూడో కాన్పయితే, అంటే ఇద్దరు పిల్లలు బతికి ఉంటే, 26 కాదు, 12 వారాలే. అందులో కాన్పుకి ముందు ఆరుకి మించకూడదు.

80 రోజుల లెక్కలో చాలామంది పొరపడతారు. దాన్ని సెలవు పెట్టిన తేదీ నుంచి కాదు, డాక్టర్ ఇచ్చిన కాన్పు తేదీ నుంచి వెనక్కి 12 నెలలు చూడాలి. మీకైతే నిరుడు మే 20 నుంచి ఈ మే 19 దాకా. వేసవిలో నెలన్నర బ్రేక్ ఇచ్చినా, జూన్ నుంచి మార్చి దాకా పాఠాలు చెప్పిన మనిషికి 80 రోజులు ఎప్పుడో దాటిపోతాయి. ఇబ్బంది గెస్ట్ ఫ్యాకల్టీకి వస్తుంది. వాళ్ళకి చాలాచోట్ల నియామక ఉత్తర్వే ఉండదు, ప్రిన్సిపాల్ నెలనెలా బిల్లు పెట్టి డబ్బులేస్తారు. అలాంటివాళ్ళు బ్యాంకు స్టేట్‌మెంట్, టైంటేబుల్, ఇన్విజిలేషన్ డ్యూటీ ఆర్డర్లు, ప్రాక్టికల్స్ ఎగ్జామినర్ ఉత్తర్వులు, హాజరు పట్టీ ఫోటోలు ఇప్పుడే కూడబెట్టుకోవాలి. సెలవులోకి వెళ్ళాక స్టాఫ్ రూమ్ బీరువా మీకు తెరుచుకోదు.

గెస్ట్ ఫ్యాకల్టీకే డబ్బు లెక్కలో మరో కిటుకు ఉంది. రోజుకి 1,200 చొప్పున ఇచ్చేవాళ్ళు ఆదివారాలు తీసేసి వారానికి ఆరు రోజులకే కడతారు: 156 రోజులు, 1,87,200. అది తప్పు. వారమంటే ఏడు రోజులూ, ఆదివారంతో సహా అని 1977లోనే బి. షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 182 రోజులకి 2,18,400 రావాలి. తేడా 31,200. సగటు రోజువేతనం సెలవుకి ముందు మూడు క్యాలెండర్ నెలల్లో మీరు పనిచేసిన రోజుల మీద కడతారు.

చట్టం గురించి ఒక హెచ్చరిక. ఇంటర్నెట్‌లో దొరికే నమూనా పిటిషన్లన్నీ 1961 ప్రసూతి ప్రయోజన చట్టం సెక్షన్లతో ఉంటాయి. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. 26 వారాలు, 80 రోజులు అలాగే ఉన్నాయి, నంబర్లు మారాయి. పాతచట్టంలో ప్రసూతి ప్రయోజనం పొందే హక్కు గురించిన 5వ సెక్షన్ ఇప్పుడు 60, గర్భంతో ఉండగా తీసేయడం గురించిన 12వ సెక్షన్ ఇప్పుడు 68. పైన చెప్పిన తీర్పులన్నీ పాత చట్టం మీద వచ్చినవే కాబట్టి, పిటిషన్‌లో కొత్త సెక్షన్ రాసి, పక్కనే దీనికి సమానమైన పాత సెక్షన్ ఫలానా అని ఒక వాక్యం చేర్చమని మీ వకీలుకి చెప్పండి. ఆ వంతెన వేయకపోతే, ఆ తీర్పులు ఇప్పుడు వర్తించవని అవతలివాళ్ళు ఒక వాయిదా తినేస్తారు.

ఇంకో అభ్యంతరం కూడా తప్పక వస్తుంది: "మాది ప్రభుత్వ విద్యాసంస్థ, ఫ్యాక్టరీ కాదు, దుకాణం కాదు, ఆ చట్టం మాకు వర్తించదు." దీనికి జవాబు ముందే పిటిషన్‌లో పెట్టాలి. చట్టం ఒక్కదాని మీదే నిలబడకండి, రాజ్యాంగంలోని 14, 15, 21 అధికరణాలు, ఆదేశిక సూత్రాల్లోని 42 కలిపి రాయించండి. 2022లో దీపికా సింగ్ కేసులో చండీగఢ్ పీజీఐ ఆసుపత్రిలోని నర్సుకి వర్తించింది సర్వీసు రూల్సే. అయినా ఆ రూల్స్‌ని ప్రసూతి చట్టం ఉద్దేశం వెలుగులో చదవాలని సుప్రీంకోర్టు అంది. 2025 మే 23న కె. ఉమాదేవి కేసులో తమిళనాడు ప్రభుత్వ టీచర్‌కి, మొదటి పెళ్ళిలో ఇద్దరు పిల్లలున్నారని రెండో పెళ్ళిలో పుట్టిన బిడ్డకి సెలవు నిరాకరిస్తే, ప్రసూతి సెలవు 21వ అధికరణం కింద పునరుత్పత్తి హక్కుల్లో భాగమని చెప్పి సెలవు ఇప్పించింది. అన్నట్టు, కౌంటర్‌లో "ఉమాదేవి తీర్పు ప్రకారం" అని కనబడితే ఏ ఉమాదేవో చూసుకోండి. 2006 నాటి కర్ణాటక ఉమాదేవి కేసు కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ గురించినది, సంస్థలు ప్రతి కౌంటర్‌లోనూ దాన్నే అతికిస్తాయి. మీరు అడిగేది రెగ్యులరైజేషన్ కాదు, కాబట్టి దానికీ మీకూ సంబంధం లేదు. పేరు ఒకటే, పని మాత్రం తలకిందులు.

ఇప్పుడు చేయాల్సిన పని. నోటిమాట మీద రిట్ (ప్రభుత్వ సంస్థ చర్యని సవాలు చేస్తూ హైకోర్టులో వేసే పిటిషన్) వేయలేరు. వేసినా, మేమెప్పుడు కాదన్నాం అంటారు. ముందు ఒక దరఖాస్తు రాయండి, ఒక పేజీ చాలు. డాక్టర్ ధ్రువీకరించిన కాన్పు తేదీ, ఏ తేదీ నుంచి సెలవులో ఉంటారు, డబ్బు ఎవరికి చెల్లించాలి, ఆ కాలంలో మరే సంస్థలోనూ పనిచేయనన్న హామీ, ఈ నాలుగూ ఉండాలి. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సెలవులో ఉంటూ ఏ కోచింగ్ సెంటర్‌కో ఆన్‌లైన్ క్లాసులు చెప్పి డబ్బు తీసుకుంటే ఆ కాలపు ప్రయోజనం పోతుంది. ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటారు కూడా. దరఖాస్తు ప్రిన్సిపాల్‌కి ఇచ్చి, దాని నకలు మీ కాలేజీని నడిపే గురుకుల సొసైటీ కార్యదర్శికి పంపండి. ఆఫీసులో ఇస్తే రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. "పెట్టి వెళ్ళండి, చూస్తాం" అంటే పెట్టకండి, పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్, అందినట్టు రుజువు అడగండి. రశీదు, ట్రాకింగ్‌లో "డెలివర్డ్" అని వచ్చిన పేజీ ప్రింటు, రెండూ దాచండి.

దరఖాస్తు చివర "నిరాకరించేటట్లయితే కారణాలతో లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వగలరు" అని రాయండి. ఇది మర్యాద వాక్యంలా కనిపించే ఉచ్చు. ఉత్తర్వు చెల్లుతుందా లేదా అనేది అందులో రాసిన కారణాల మీదే తేలాలి, తర్వాత అఫిడవిట్‌లో కొత్త కారణాలు అతికించకూడదని 1977 నాటి మొహిందర్ సింగ్ గిల్ తీర్పు. "కాంట్రాక్టు ఉద్యోగి కాబట్టి" అని ఒక్క మాట రాసిచ్చారా, వాళ్ళ కేసు ఆ మాట దగ్గరే కూలుతుంది. ఏమీ రాసివ్వకపోతే వారం పది రోజులు చూసి, మౌనాన్నే సవాలు చేయండి. నెలలు ఆగకండి. రిట్‌కి గడువంటూ రాసిపెట్టి లేకపోయినా, కాన్పయ్యాక ఎప్పుడో వెళితే మధ్యంతర ఉత్తర్వుకి అర్థమే ఉండదు.

అదే వారం పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి. గత మూడేళ్ళలో ఆ సొసైటీలో కాంట్రాక్టు సిబ్బందికి మంజూరైన ప్రసూతి సెలవు ఉత్తర్వుల నకళ్ళు అడగండి. 30 రోజులు పట్టొచ్చు, అందుకే దానికోసం రిట్ ఆపవద్దు. కానీ పక్క జిల్లా కాలేజీలో ఒకామెకి ఇచ్చిన ఉత్తర్వు ఒక్కటి దొరికిందా, సమానత్వం గురించి పది పేజీల వాదన అక్కర్లేదు.

ఏ గుమ్మం తొక్కాలో ఇప్పుడు చూద్దాం. రాష్ట్ర ప్రభుత్వ గురుకుల సొసైటీ కాబట్టి మీది 226వ అధికరణం కింద హైకోర్టు: తెలంగాణ అయితే హైదరాబాద్, ఆంధ్రప్రదేశ్ అయితే అమరావతి. కేంద్రీయ విద్యాలయం, నవోదయ లాంటివైతే ముందు క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) హైదరాబాద్ బెంచ్, ఆ తర్వాతే హైకోర్టు. ప్రైవేటు కాలేజీ అయితే రిట్ మీద ఆశ పెట్టుకోకండి. చదువు చెప్పడం ప్రజావిధే అయినా, కేవలం సర్వీసు గొడవకి రిట్ నిలవదని 2022లో సెయింట్ మేరీస్ ఎడ్యుకేషన్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ళు కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేయాలి. చెల్లించమని ఆదేశించే అధికారం చట్టం ఆ ఇన్‌స్పెక్టర్‌కే ఇచ్చింది. జీతం 21,000 లోపుండి పేస్లిప్‌లో ఈఎస్ఐ కోత కనిపిస్తే దారి ఇంకోటి: డబ్బు సంస్థ ఇవ్వదు, ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసు ఇస్తుంది.

రిట్‌లో ప్రతివాదులుగా ప్రభుత్వం (ఆ శాఖ ముఖ్య కార్యదర్శి ద్వారా), సొసైటీ కార్యదర్శి, ప్రిన్సిపాల్ ఉండాలి. మిమ్మల్ని ఏజెన్సీ ద్వారా తీసుకుని ఉంటే ఏజెన్సీని కూడా చేర్చాలి, లేకపోతే ఏజెన్సీ కాలేజీ వైపు, కాలేజీ ఏజెన్సీ వైపు వేలు చూపిస్తూ కాలం గడిపేస్తాయి. ప్రిన్సిపాల్‌ని హోదాతో చేర్చండి, పేరుతో కాదు. వ్యక్తిగత కక్ష అని ఆరోపిస్తేనే పేరుతో చేర్చాలి, ఆ ఆరోపణ రుజువు చేయడం కష్టం, కేసుకి అవసరమూ లేదు. కోపంతో నాలుగు పేరాలు అదనంగా రాయించుకున్న అఫిడవిట్లు బలహీనపడతాయి. జడ్జి చూసేది తేదీలు, కాగితాలు.

ప్రార్థనలో, అంటే పిటిషన్ చివర కోర్టుని ఏం కోరుతున్నారో చెప్పే భాగంలో, మూడు ముక్కలు విడివిడిగా ఉండాలి. ఒకటి, ఫలానా తేదీ ఫలానా నంబరు ఉత్తర్వుతో (లేదా దరఖాస్తు మీద చర్య తీసుకోకుండా) సెలవు నిరాకరించడం చట్టవిరుద్ధమని ప్రకటించడం. రెండు, మార్చి 25 నుంచి సెప్టెంబరు 22 దాకా, ఒప్పందం ముగింపుతో నిమిత్తం లేకుండా, పూర్తి ప్రయోజనం చెల్లించమనడం. మూడు, ఆ గైర్హాజరీ కారణంగా కొత్త విద్యాసంవత్సరానికి ఒప్పందం పొడిగించకుండా ఆపవద్దనడం. ఈ మూడోదే జనం మర్చిపోతారు. మీరు సంతకం పెట్టిన ఒప్పంద పత్రంలో "ఒప్పందకాలంలో ప్రసూతి సెలవు కోరరాదు" లాంటి షరతు ఉంటే దాన్ని కూడా సవాలు చేయాలి. 1981లోనే ఎయిర్ ఇండియా ఎయిర్‌హోస్టెస్‌ల కేసులో, మొదటి గర్భంతోనే ఉద్యోగం పోతుందన్న నిబంధనని సుప్రీంకోర్టు కొట్టేసింది. రెన్యూవల్‌లో "గర్భవతిని కాను" అని డిక్లరేషన్ అడిగితే 1991 నాటి నీరా మాథుర్ కేసు చూపించండి. నెలసరి, గర్భాల వివరాలు అడిగే గడులని ఫారం నుంచి తీసేయమని ఎల్ఐసీకి సుప్రీంకోర్టు చెప్పిన కేసు అది.

మధ్యంతర ఉత్తర్వుకి వేరే అర్జీ, ఐఏ, తప్పనిసరి. అందులో రెండు అడగండి: ఈలోగా నెలనెలా చెల్లించాలని, మీ ఖాళీని ఇంకో కాంట్రాక్టు మనిషితో శాశ్వతంగా నింపవద్దని. రెండోదానికి ఆధారం 1992 పియారా సింగ్ తీర్పు: ఒక తాత్కాలిక ఉద్యోగిని తీసేసి ఆ చోట ఇంకో తాత్కాలిక ఉద్యోగిని పెట్టకూడదు. మీ సెలవుకాలానికి మాత్రం బదులు మనిషిని పెట్టుకోనివ్వండి. పిల్లల పాఠాలు ఆగకూడదని మీరే అఫిడవిట్‌లో రాస్తే కోర్టుకి మీ మీద నమ్మకం పెరుగుతుంది. ఏప్రిల్ 30 దగ్గరపడ్డాక వెళితే లంచ్ మోషన్ (అత్యవసరంగా అదే రోజు విచారించమనే విన్నపం) అడగాల్సి వస్తుంది. ఆ తొందర లేకుండా మార్చిలోనే వేస్తే మేలు. తెలుగు కాగితాలకి ఇంగ్లీషు అనువాదం జతచేయకపోతే కోర్టు ఆఫీసు (రిజిస్ట్రీ) అభ్యంతరం పెట్టి వెనక్కిస్తుంది, వారం పోతుంది.

అన్నిటికన్నా పెద్ద గోతి ఇది. మొదటి వాయిదాలోనే ప్రభుత్వ న్యాయవాది లేచి "దరఖాస్తును పరిశీలిస్తాం" అంటారు. "నాలుగు వారాల్లో పరిశీలించండి" అని కోర్టు కేసు ముగించేస్తుంది. గెలిచామనుకుని ఇంటికొస్తారు. నాలుగు వారాల తర్వాత "పరిశీలించాం, తిరస్కరించాం" అని ఉత్తర్వు వస్తుంది, మళ్ళీ కొత్త రిట్. "పరిశీలించు" అనే ఆదేశం ఎంత డొల్లగా మారుతుందో 2006లో ఏపీఎస్ఆర్టీసీ వర్సెస్ జి. శ్రీనివాసరెడ్డి తీర్పులో సుప్రీంకోర్టు విడమరచి చెప్పింది. మీ వకీలు ఆ వాయిదాలో ఒక్క మాట పట్టుబట్టాలి: పరిశీలించడమే కాదు, "కవితా యాదవ్ తీర్పుకి అనుగుణంగా" పరిశీలించాలని ఉత్తర్వులో చేర్చాలి. ఆ నాలుగు మాటలు ఉంటే, తర్వాత తిరస్కరణ వస్తే అది కోర్టుధిక్కారం దాకా వెళ్ళే ప్రశ్న అవుతుంది. ధిక్కార పిటిషన్‌కి గడువు ఏడాది.

ఖర్చు సంగతి. రిట్‌కి కోర్టు ఫీజు నామమాత్రం, అసలు ఖర్చు వకీలు ఫీజే. అది కూడా లేకుండా చేసుకోవచ్చు: న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకి, ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయసహాయం ఉంది. హైకోర్టు న్యాయ సేవల కమిటీకి గానీ జిల్లా సంస్థకి గానీ అర్జీ పెట్టండి, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. ఇచ్చిన వకీలుకి సర్వీసు కేసులు అలవాటున్నాయా అని అడగడానికి మొహమాటపడకండి.

మీతోపాటు ఎవరైనా పీజీ, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళు ఇదే అడుగుతుంటే: యూజీసీ 2021 డిసెంబరు 14న విద్యార్థినులకి ప్రసూతి సెలవు, హాజరు మినహాయింపు నిబంధనలు పెట్టుకోమని విశ్వవిద్యాలయాలకి రాసింది. పీహెచ్‌డీకి 2022 నిబంధనల్లో 240 రోజుల దాకా ఉంది. వాళ్ళకి దారి రిట్టే, జీతం లెక్కలు ఉండవు.

మళ్ళీ పనిలోకి రానిస్తారా అన్నారు. కోర్టు ఉత్తర్వు కాపీ చేతికొచ్చిన రోజే ఒక కవరింగ్ లెటర్‌తో సొసైటీకీ కాలేజీకీ మళ్ళీ ముద్ర వేయించుకుని ఇవ్వండి. సెప్టెంబరు 23 ఉదయం, ఒప్పందం రెన్యూవల్ కాగితం వచ్చినా రాకపోయినా, మొదటి పీరియడ్‌కి ముందే కాలేజీకి వెళ్ళి జాయినింగ్ రిపోర్టు రెండు ప్రతులు ఇవ్వండి. తీసుకోకపోతే గేటు దగ్గర గొడవ పడకుండా నేరుగా పోస్టాఫీసుకి వెళ్ళి, అదే రోజు తేదీ పడేలా స్పీడ్ పోస్టు చేయండి. అదే కాగితం మీద, బిడ్డకి 15 నెలలు నిండేదాకా రోజుకి రెండు పాలిచ్చే విరామాలు కావాలని కూడా రాసేయండి. దానికి మళ్ళీ వేరే అర్జీ అక్కర్లేదు.